స్ట్రోక్ తర్వాత చేతి మంటకు టీఎంఎస్: డబ్బు పెట్టొచ్చా?

గోదారి కోడలు:
మా అత్తగారికి స్ట్రోక్ వచ్చి ఏడాది దాటింది. మాట, నడక తిరిగొచ్చాయి కానీ ఎడమ చెయ్యి ఒకటే మంట. ఫ్యాన్ గాలి తగిలినా, చీర కొంగు రాసుకున్నా విలవిల్లాడిపోతున్నారు. నరాల నొప్పికిచ్చే ప్రెగాబాలిన్ మాత్ర వేస్తే మత్తుగా పడుకుంటున్నారు తప్ప మంట తగ్గట్లేదు. ఒక క్లినిక్‌లో తల మీద కాయిల్ పెట్టి అయస్కాంత తరంగాలు ఇస్తామన్నారు, దాన్నే టీఎంఎస్ అంటారట. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ, మొత్తం ముందే కట్టాలట. కట్టొచ్చంటారా?

లెక్కల మాస్టారు:
వద్దమ్మా. దీర్ఘకాలిక నొప్పికి చేసే ఇలాంటి వైద్యాలన్నిటి మీదా, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో 94 అధ్యయనాలు వడబోసింది. టీఎంఎస్ విషయంలో లెక్కకు అందినవి 27, అందులో 655 మంది. వారంలోపు చూస్తే నొప్పి తగ్గింది పదికి 0.4 పాయింట్లు, అంటే ఉన్న నొప్పిలో 7 శాతం. మనిషికి తేడా తెలియాలంటే కనీసం 15 శాతం తగ్గాలని వాళ్లే గీత గీసుకున్నారు. పైగా అసలు కాయిల్ టకటకమంటూ నెత్తి మీద మొట్టినట్టుంటుంది. పోల్చి చూడటానికి కొందరికి ఉత్తుత్తి కాయిల్ పెడతారు, వాళ్లలో కొందరు అది పసిగట్టేస్తారు. ఆ 0.4లో నమ్మకం వాటా ఎంతో ఎవరు తేలుస్తారు?

న్యూరో పీజీ:
మాస్టారూ, అంకెలు కరెక్టే. కానీ అది కలగూరగంప సగటు. నొప్పి రకాలు వేరు, కాయిల్ పెట్టిన చోట్లు వేరు, ఇచ్చిన మోతాదులూ వేరు. ఫ్రాన్స్‌లో 149 మంది నరాల నొప్పి రోగుల మీద చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. కొందరికి మోటార్ కార్టెక్స్ (చేతులు కాళ్లను కదిలించే మెదడు భాగం) మీద, కొందరికి నుదుటి వైపు, మిగతావాళ్లకు ఉత్తుత్తిది. ఐదు నెలల్లో 15 సిట్టింగులు. మోటార్ కార్టెక్స్ వాళ్లకే ఉపశమనం కనిపించింది. నుదుటి వైపు ఇచ్చినదానికీ ఉత్తుత్తిదానికీ పెద్ద తేడా లేదు.

కోడలు గారూ, మీరు అడగాల్సింది ఇదే. చాలా చోట్ల ఈ మెషీన్ కొన్నది డిప్రెషన్ కోసం. దానికి కాయిల్ పెట్టేది నుదురు దాటాక ఎడమ పక్కన. అత్తగారికి ఎడమ చేతికి నొప్పి కాబట్టి కుడివైపు మోటార్ కార్టెక్స్ మీద పెట్టాలి, ఎడమ చేతిని నడిపేది మెదడు కుడి సగమే. ఒక్కో పల్స్ (అయస్కాంత తరంగపు దెబ్బ) ఇస్తూ వెతుకుతారు, చోటు దొరికితే ఎడమ బొటనవేలు టక్కున ఎగురుతుంది. ఆ పని చేయకుండా టోపీ తొడిగినట్టు కాయిల్ పెట్టేస్తే లేచి వచ్చేయండి.

లెక్కల మాస్టారు:
డాక్టరు గారూ, ఆ ఫ్రాన్స్ రోగులది చేతులు కాళ్లలో నరాలు దెబ్బతిన్న నొప్పి. ఈవిడది మెదడులో పుట్టిన నొప్పి. ఆ మాట మింగేశారేం? స్ట్రోక్ నొప్పి వాళ్లు ఎక్కువగా ఉన్న జపాన్ ట్రయల్‌లో (2013) పది రోజులు వరుసగా ఇచ్చినా ఉపశమనం కాసేపే ఉంది, రోజురోజుకీ పెరగలేదు.

న్యూరో పీజీ:
ఒప్పుకుంటాను. కాకపోతే జపాన్‌లో రోజుకు ఇచ్చింది 500 పల్సులు, ఫ్రాన్స్‌లో సిట్టింగుకు 3000. మందులకు లొంగని నొప్పి కాబట్టి ప్రయత్నించడం తప్పు కాదనే నా అభిప్రాయం, ప్యాకేజీ మాత్రం తప్పు. కొన్ని సిట్టింగులకే కట్టి, రోజూ నొప్పికి పదికి ఎన్నో మార్కు రాసుకోండి. తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ (చెవిలో అమర్చే వినికిడి పరికరం), పేస్‌మేకర్ ఉన్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా ముందే చెప్పాలి. స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఈ ఫిట్స్ సంగతి మరీ ముఖ్యం.

గోదారి కోడలు:
క్లినిక్‌కి ఫోన్ చేశాను. "అన్నిటికీ ఒకటే పాయింటండీ, మెషీన్‌లో సెట్ చేసి ఉంటుంది" అంది రిసెప్షన్ అమ్మాయి. డాక్టరుతో మాట్లాడించమంటే ముందు అడ్వాన్స్ కట్టమంది. కట్టలేదు. బొటనవేలు చూసి చోటు వెతికేవాళ్లు రాజమండ్రి, కాకినాడ వైపు ఎక్కడైనా ఉన్నారా? హైదరాబాద్ అంటే ఆవిడ అంత దూరం కూర్చోలేరు.