సాంబా సర్వర్ అమ్మితే మా స్క్రిప్టుల సోర్స్ కూడా ఇవ్వాలా?

నమస్తే అండి, విజయవాడలో మాది చిన్న ఆఫీసు, 25 సిస్టమ్స్. విండోస్ సర్వర్ లైసెన్సు, దానిమీద యూజర్‌కింత అని మళ్ళీ వేరే లైసెన్సు, మోయలేక డెబియన్ (ఒక ఉచిత లినక్స్) మీద సాంబా 4 (విండోస్ సర్వర్ చేసే పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లూ ఒకేచోట చూసే సర్వర్) చేశాను, లాగిన్లు, షేర్ ఫోల్డర్లు బాగానే నడుస్తున్నాయి, ట్యాలీ కోసం సిస్టమ్స్‌లో మాత్రం విండోస్ ఉంచేశాం.

సాంబాది జీపీఎల్ 3 లైసెన్సు కదా (సాఫ్ట్‌వేర్ ఇంకొకరికి ఇస్తే దాని సోర్స్, అంటే ప్రోగ్రామ్ రాసిన కోడ్, కూడా ఇవ్వాలనే లైసెన్సు), మేం మార్చుకుని ఆఫీసులోనే వాడుకుంటే సోర్స్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు, అంతవరకు క్లియర్. ఇప్పుడు కస్టమర్ ఒకాయన అలాంటి సర్వరే రెడీ చేసి అమ్మమంటున్నారు. అప్పుడు సాంబా సోర్స్, నేను చేసిన మార్పులు ఆయనకి ఇవ్వాలి, ఇస్తాను, అది న్యాయం కూడా. కానీ మా బ్యాకప్ స్క్రిప్టులు విడిగా నడుస్తాయి, సాంబా కమాండ్లని పిలుస్తాయంతే, వాటికీ జీపీఎల్ వర్తిస్తుందా? ఇలా అమ్మినవాళ్ళు ఉంటే బిల్లుతో పాటు ఏమేం ఇచ్చారో చెప్పండి ప్లీజ్.