ఫంగస్ మందుల పరీక్షకు ఎలుకలే కావాలా, పురుగులు చాలవా?

పల్లవి_మైక్రో: మా ల్యాబ్‌లో దీని మీద రోజూ వాదనే. కాండిడా, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్‌ల మీద కొత్త మందును ముందుగా ఎలుకల్లోనే ఎందుకు చూడాలి? తేనెపట్టులో మైనం తినే గెలేరియా పురుగు చాలదా? చాలంటాను నేను. మన ఒంటి వేడి 37 డిగ్రీల్లోనూ అది బతుకుతుంది, ల్యాబుల్లో ఎక్కువగా వాడే పండు ఈగ అంత వేడికి తట్టుకోలేదు. వెనక కాలి దగ్గర సన్నని సూదితో 10 మైక్రోలీటర్ల ఫంగస్ ద్రవం ఎక్కిస్తాం. మీగడ రంగు పురుగు మచ్చలు పడి, మెల్లగా నల్లబడిపోతుంది. తట్టినా కదలకపోతే చచ్చినట్టు. వారంలో ఫలితం చేతికొస్తుంది.

రవి_ఫార్మా: తొందరపడకండి పల్లవి గారూ. 2021లో బ్లాక్ ఫంగస్ ఎవరిని పట్టింది? ఎక్కువగా షుగర్ అదుపులో లేనివాళ్లను, కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడినవాళ్లను. ముక్కులోంచి సైనస్‌కు, అక్కణ్నుంచి కంటికి పాకింది. పురుగుకు ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు, యాంటీబాడీలు తయారుకావు. ఆ రోగులకు ఇచ్చిన ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆ సంగతి ఏ పురుగు చెబుతుంది?

సుధ_జువాలజీ: యాంటీబాడీలు లేకపోయినా పురుగును తీసిపారేయకండి. ఫంగస్‌తో పోరాడటానికి తోడ్పడే టోల్ అనే జన్యువు పనిచేయని పండు ఈగలను ఆస్పర్‌జిల్లస్ చంపేస్తుందని 1996లో జూల్స్ హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. ఆ తర్వాతే మనలోని అలాంటి జన్యువులు ఏం పని చేస్తాయో బయటపడింది. 2011లో ఆయనకు నోబెల్ వచ్చింది. సూక్ష్మజీవులను మన ఒళ్లు మొదట ఎలా పసిగడుతుందో తెలుసుకునే దారి చూపింది ఈగే!

తేనెటీగల_రైతు: నాకు సైన్స్ పెద్దగా తెలీదు గానీ, ఆ పురుగుతో రోజూ వేగేవాణ్ని. ఒక్కో పెట్టెలో ఒక్కోలా పెరుగుతుంది, తిండిని బట్టి సైజే మారిపోతుంది. మీరు పురుగులు ఎక్కడ కొంటారమ్మా?

పల్లవి_మైక్రో: అసలు తలనొప్పి అదేనండీ. చాలాచోట్ల చేపల ఎరకు అమ్మేవాటినే కొంటారు. వయసు తెలీదు, ఏం తిన్నాయో తెలీదు. అందుకే ఒక ల్యాబ్ ఫలితం ఇంకో ల్యాబ్‌లో రాదు. మేం ఒకే బరువువి ఏరుకుంటాం, కొన్నింటికి ఉత్త సెలైన్ ఎక్కిస్తాం. అవీ చస్తే ఆ బ్యాచ్ మొత్తం పక్కన పడేయాల్సిందే. రవి గారూ, కిడ్నీల సంగతి ఒప్పుకుంటున్నా, దానికి ఎలుక కావాల్సిందే. కానీ పనికిరాని మందులను ముందే పురుగులో వడపోస్తే ఎన్ని ఎలుకల ప్రాణాలు మిగులుతాయి!

రవి_ఫార్మా: వడపోత వరకైతే సరే. కానీ ఒంట్లోకి వెళ్లి, అక్కడ మారితేనే పనిచేసే మందులున్నాయి. పురుగులో ఆ మార్పు జరక్క మీరు పక్కన పెట్టేసిన మందు ఎలుకలో పనిచేసేదేమో, దాన్ని మళ్లీ ఎవరు చూస్తారు?