ధరలు పెరిగితే నష్టమా, పడిపోతే నష్టమా? బిట్‌కాయిన్ డబ్బు అవుతుందా?

జడ్చర్ల బ్లాక్‌జీరో · శనివారం రాత్రి 8:40

ఏటా 4 శాతం ధరలు పెరగాలన్నది రిజర్వ్ బ్యాంకు లక్ష్యం. అటూ ఇటూ 2 శాతం వరకు పరవాలేదంటారు. అంటే అంతా అనుకున్నట్టే నడిచినా 18 ఏళ్లలో రూపాయి విలువ సగమైపోతుంది. చెమటోడ్చి దాచుకున్నవాడు ఏ తప్పు చేశాడని ఈ శిక్ష?

ఏ సర్కారూ, ఏ బ్యాంకూ నడపని డిజిటల్ నాణెం బిట్‌కాయిన్ 2009 జనవరిలో మొదలైంది. 2 కోట్ల 10 లక్షలకు మించి రాదని అప్పుడే కట్టుదిట్టం చేశారు. దాదాపు నాలుగేళ్లకోసారి కొత్తగా పుట్టేది సగానికి తగ్గుతుంది. 2024 ఏప్రిల్ నుంచి సుమారు పది నిమిషాలకో బ్లాక్ (లావాదేవీల కట్ట), బ్లాకుకు కొత్తగా పుట్టేది 3.125 కాయిన్లే. ఏ మంత్రీ, ఏ గవర్నరూ సంతకం పెట్టి దాన్ని పెంచలేడు. అలాంటి డబ్బు చేతిలో ఉంటే ధరలు మెల్లగా తగ్గుతాయి, పొదుపు చేసినవాడు నిలబడతాడు. ధరలు తగ్గితే కొంప మునుగుతుందని అందరూ ఎందుకు భయపెడతారో ఎవరైనా చెప్పండి.

అచ్చంపేట అన్న · 8:52

నాకైతే తగ్గితేనే మంచిది. నూనె ప్యాకెట్ కొనేటప్పుడు తెలుస్తుంది.

చండూరు పత్తి రైతు · 9:15

తమ్మీ, నువ్వు దాచుకున్నవాడి వైపు నుంచి మాట్లాడుతున్నావు. నేను అప్పున్నవాడి వైపు నుంచి చెప్తా.

2014లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 4,050. ఆ ఏడు బోర్లు, బిడ్డ పెళ్లి కలిపి నాకు 4 లక్షల పైచిలుకు బాకీ పడింది. అంటే వంద క్వింటాళ్ల పత్తి. 2025-26లో మద్దతు ధర 8,110. అదే అసలు ఇప్పుడు తీర్చాలంటే యాభై క్వింటాళ్లు చాలు. మిత్తి వేరే, అది నడుము విరగ్గొట్టింది. కానీ అసలు బరువు సగం తగ్గిందంటే ధరలు పెరగబట్టే.

ఇప్పుడు తిరగేసి చూడు. ధరలు పడిపోయే డబ్బు వచ్చిందనుకో. అడ్తి సేటు బీరువాలో ప్రామిసరీ నోటు ఉంటది. రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం, కింద సాక్షుల వేలిముద్రలు, మధ్యలో అంకె. పత్తి ధర పడ్డదని ఆ అంకె పడదు. కూలి పడ్తది, కౌలు కూడా కొంత పడ్తది, బాకీ మాత్రం కదలదు. యాభై క్వింటాళ్ల అప్పు మళ్లీ వంద అవుతుంది. మూడేళ్లకోసారి నోటు తిరగరాసే ఊళ్లలో ఇది పుస్తకాల మాట కాదు.

పానగల్ గట్టు · 9:21

ఇవన్నీ సరే. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బిట్‌కాయిన్ ఇస్తే చాయ్ పోస్తారా? ఆ ఒక్కటి చెప్పండి.

మిర్యాలగూడ మిల్లు · 9:48

నేను మిల్లు నడిపేవాణ్ని, నాకు తెలిసింది రాస్తున్నా. యాసంగి ధాన్యం వచ్చిందంటే రెండు నెలల్లో కొనేయాలి, ఆరు నెలలు ఆడించాలి. బ్యాంకులో సీసీ లిమిట్ (వ్యాపారానికి ఇచ్చే అప్పు పరిమితి) మొత్తం వాడేస్తాం. బియ్యం రేటు వచ్చే నెల తగ్గుతుందని ముందే తెలిస్తే ఈ నెల బస్తా కూడా కొనను. నూకలు, తవుడు అమ్మితే మిగిలేదే మా లాభం, అందులో రెండు శాతం పోయినా గేటుకు తాళమే. మిల్లర్లు కొనకపోతే ధాన్యం కల్లంలోనే ఉంటుంది. ధరలు తగ్గడమంటే సరుకు చవకగా దొరకడం ఒక్కటే కాదు.

జడ్చర్ల బ్లాక్‌జీరో · 10:20

మిల్లు అన్నా, 2016కు ముందు ఒక జీబీ డేటాకు రెండు వందలకు పైగా పెట్టేవాళ్లం. ఆ ధర కుప్పకూలింది. రేపు ఇంకా తగ్గుతుందని ఎవరైనా ఫోన్ పక్కన పెట్టారా? అవసరమైతే కొంటారు. జపాన్‌లో 1990ల చివరి నుంచి ఏళ్ల తరబడి ధరలు కదల్లేదు, కొన్నేళ్లు తగ్గాయి కూడా. దేశం మునిగిపోలేదు కదా.

పత్తి అన్నా, మీ లెక్కలో సగమే రాశారు. పత్తి రెండింతలైందన్నారు. ఏరే కూలి ఎంతైంది? మందులు? ట్రాక్టరు కిరాయి? అప్పు కరిగిందని మీరు అంటున్నారు, ఎకరానికి మీకు మిగిలేది కూడా కరిగింది.

పానగల్ అన్నా, మన దేశంలో 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పెట్టారు. ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. ఇట్లా కట్టేస్తే చాయ్‌కి ఎట్లా చెల్లుతుంది? తప్పు కాయిన్‌ది కాదు.

పానగల్ గట్టు · 10:24

అయితే చెల్లదు. అదే అడిగా.

లెక్కల టీచర్ (రిటైర్డ్) · 10:57

జపాన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అక్కడ ధరలతో పాటు జీతాలూ ఏళ్ల తరబడి పెరగలేదు. చివరికి 2013లో వాళ్ల కేంద్ర బ్యాంకే ఏటా 2 శాతం ధరలు పెరగాలని లక్ష్యం పెట్టుకుంది. హాయిగా ఉంటే ఆ పని చేయాల్సిన అవసరం లేదు. ఫోన్ డేటా చవకవడం, అన్ని ధరలూ జీతాలూ కలిసి పడిపోవడం ఒకటి కాదు.

ఇంకో సంగతి. మన ప్రాంతంలో నిజాం హాలీ రూపాయి నడిచేది. 7 హాలీ రూపాయలు ఇస్తే 6 కల్దార్ (బ్రిటిష్) రూపాయలు. పక్కనే బ్రిటిష్ రూపాయి ఉన్నా హాలీ ఎందుకు నిలబడింది? నిజాం సర్కారు శిస్తు దాంట్లో తీసుకునేది కాబట్టి. పన్ను ఏ నాణెంలో కట్టాలో దానికే జనం వెంటపడతారు. ఎల్ సాల్వడార్ అనే దేశం 2021 సెప్టెంబర్‌లో బిట్‌కాయిన్‌కు చట్టబద్ధత ఇచ్చింది. వ్యాపారులు తీసుకోవాల్సిందే అంది. 2025 జనవరిలో చట్టం మార్చి, ఇష్టమైతేనే తీసుకోవచ్చని చెప్పేసింది.

అచ్చంపేట అన్న · 11:05

మా బావమరిది కాయిన్ అని చెప్పి ఒక యాప్‌లో 3 లక్షలు పెట్టాడు. ఇంకో పది మందిని చేర్పిస్తే డబుల్ అన్నారు. ఆరు నెలలకు యాప్ తెరుచుకోలేదు, చేర్పించిన పది మంది ఇప్పుడు ఆయన గుమ్మంలో కూర్చుంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. బిట్‌కాయిన్ అంటేనే మా ఇంట్లో మండిపడతారు.

జడ్చర్ల బ్లాక్‌జీరో · 11:11

అది బిట్‌కాయిన్ కాదన్నా, చైన్ స్కీము. దానికీ దీనికీ సంబంధం లేదు. మీ బావమరిదికి జరిగింది అన్యాయమే, సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చేయించండి.

అచ్చంపేట అన్న · 11:14

చేశాం. పేరు మాత్రం కాయినే కదా తమ్మీ.

చండూరు పత్తి రైతు · ఆదివారం ఉదయం 6:30

రాత్రి కూర్చుని లెక్క వేశా. 2022 నవంబర్‌లో ఒక బిట్‌కాయిన్ 16 వేల డాలర్ల దగ్గర ఉండింది, మన లెక్కలో 13 లక్షలు. ఆ ఏటి పత్తి మద్దతు ధర 6,380. అంటే దాదాపు 200 క్వింటాళ్లు. 2024 డిసెంబర్‌లో అదే కాయిన్ లక్ష డాలర్లు దాటింది, అంటే 85 లక్షలు. పత్తి 7,521. మొత్తం 1,130 క్వింటాళ్లు.

ఒక రైతు 2022లో ఒక్క కాయిన్ అప్పు తీసుకున్నాడు అనుకో. రెండేళ్లలో 200 క్వింటాళ్ల బాకీ 1,130 క్వింటాళ్లు అయింది. మిత్తి ఇంకా కలపలేదు. ఏ సేటు కూడా ఇంత తీసుకోలేదు. అంతకు ముందు ఏడాదేమో 69 వేల నుంచి 16 వేలకు పడింది, అప్పుడు జీతం కాయిన్‌లో తీసుకున్నవాడు మునిగాడు. నిలకడ లేనిదాంట్లో బాకీ ఎట్లా రాసుకోవాలి?

1929 తర్వాత నాలుగేళ్లలో మన దేశంలో పంటల ధరలు సుమారు సగానికి పడ్డాయి. శిస్తు తగ్గలేదు, అప్పులు తగ్గలేదు. 1931 నుంచి జనం ఆడవాళ్ల ఒంటి మీద బంగారం అమ్ముకుంటే అది ఓడల్లో దేశం దాటిపోయింది. అది చదివినోళ్లు ధరలు తగ్గితే న్యాయం అని రాయరు.

జడ్చర్ల బ్లాక్‌జీరో · 8:05

బిట్‌కాయిన్‌లో అప్పు ఎవరు తీసుకోమన్నారు? అప్పు రూపాయల్లో ఉండనీయండి, పొదుపు బిట్‌కాయిన్‌లో పెట్టుకోండి. అంతే నేను చెప్పేది.

చండూరు పత్తి రైతు · 8:12

అప్పుకు పనికిరాదు, జీతానికి పనికిరాదు, చాయ్‌కి పనికిరాదు. మరి డబ్బు ఎట్లా అవుతుంది? ప్లాటు అను, బంగారం అను, ఒప్పుకుంటా.

మిర్యాలగూడ మిల్లు · 8:30

నాకూ అదే అనుమానం. ధాన్యం డబ్బులు రైతు ఖాతాలో పడాలంటే నిమిషం పట్టదు. 2025 ఆగస్టులో యూపీఐలో ఒక్క నెలలోనే 2 వేల కోట్ల లావాదేవీలు దాటాయి. బిట్‌కాయిన్ చైన్ మీద సెకనుకు సుమారు ఏడు లావాదేవీలే.

జడ్చర్ల బ్లాక్‌జీరో · 8:41

లైట్నింగ్ అని పైన ఇంకో ఏర్పాటు ఉంది, దాంట్లో క్షణంలో పోతుంది. వేగం గురించి కాదు నేను మాట్లాడేది. 2016 నవంబర్ 8 రాత్రి ఒక్క ప్రకటనతో చెలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం చెల్లకుండా పోయింది. బ్యాంకు ముందు లైన్లో నిలబడ్డవాళ్లకు తెలుసు. ఆ పని ఎవరూ చేయలేని డబ్బు గురించి నేను రాస్తున్నా, మీరేమో చాయ్ దగ్గరే ఆగిపోయారు.

చండూరు పత్తి రైతు · 8:59

పోయిన నెల వేరే చర్చలో నువ్వే రాశావు, మీ నాన్న రెండు రూపాయల మిత్తికి పైసలు ఇస్తాడని, మూడు నోట్లు వసూలు కావట్లేదని. ఇప్పుడర్థమైంది. మిత్తికి ఇచ్చేటోళ్లకు రూపాయి బరువెక్కితే పండుగే. ఏటా 24 శాతం తీసుకుంటూ నాలుగు శాతం దొంగతనం అని మాకు చెప్తున్నావు.

లెక్కల టీచర్ (రిటైర్డ్) · 9:03

ఇంటివాళ్ల జోలికి వెళ్లకండి, దయచేసి.

జడ్చర్ల బ్లాక్‌జీరో · 9:40

వద్దు సార్, అననివ్వండి. మా నాన్న మిత్తికి ఇస్తాడు. ఎందుకు ఇస్తున్నాడో వినండి.

మాకు ఆరెకరాలుండేది. రెండెకరాల్లో వరి, మిగతాది మక్క, వేరుశనగ. రిజర్వాయర్ కింద పోతుందని ఎకరానికి రేటు కట్టారు. ఆ రోజు ఆ రేటుకు పక్క మండలంలో కనీసం నాలుగెకరాలు వచ్చేవి. సగం పైసలు వెంటనే వేశారు, మిగతా సగం రావడానికి మూడేళ్లు దాటింది. పాస్‌బుక్ అచ్చు వేయించుకుని చూస్తే ఒక్క లైను, ఒక్క అంకె. ఆనాడు ఎంత రాశారో అంతే, పైసా ఎక్కువ లేదు. ఈలోపు హైవే పక్కన వెంచర్లు పడి భూముల రేట్లు ఐదింతలైనాయి. ఆ సగంతో ఒక ఎకరం కూడా రాలేదు. ఎఫ్‌డీ వేస్తే నెలకు వచ్చేది బియ్యం, మందులకు కూడా సరిపోలేదు. వ్యవసాయం తప్ప ఇంకోటి తెలియని మనిషి. మిత్తికి ఇవ్వక ఏం చేస్తాడు? తీసుకున్నవాళ్లు కట్టకపోతే ఇంటికి పోయి గొడవ పెట్టుకునే మనిషి కూడా కాదు.

మీ అప్పు కరగడం మీకు మంచిగుంది. మా నాన్న భూమి కూడా అట్లాగే కరిగింది.

పానగల్ గట్టు · 9:52

తమ్మీ, చాయ్ మాట వదిలేశా. ఇది ముందే రాయాల్సింది.

చండూరు పత్తి రైతు · 10:35

మీ నాన్నకు జరిగింది చదివాక కోపం నీ మీద లేదు. కానీ మాట మాత్రం సూటిగా చెప్తా. మీ భూమిని తిన్నది 4 శాతం, 6 శాతం కాదు. రేటు కట్టిన రోజుకూ పైసలు ఇచ్చిన రోజుకూ మధ్య మూడేళ్లు తిన్నాయి. 2013 భూసేకరణ చట్టంలో స్వాధీనం చేసుకుని పైసలు ఆపితే మొదటి ఏడాది 9 శాతం, తర్వాత 15 శాతం మిత్తి కట్టాలని ఉంది. అది ఎందుకు ఇవ్వలేదో అడగాలి. బిట్‌కాయిన్ వచ్చినా ఆ మూడేళ్లు ఆపేటోడు ఆపుతూనే ఉంటాడు.

ఇంకోటి. 2024లో నాకు 2 లక్షల వరకు పంట రుణం మాఫీ అయింది. ఎట్లా అయింది? అడిగినం, ఓటేసినం, రోడ్డెక్కినం. డబ్బు మీద ఎవరికో అధికారం ఉంది కాబట్టి అడగడానికి ఒక గుమ్మం ఉంది. నువ్వు చెప్పే డబ్బులో ఆ గుమ్మమే లేదు. కరువొచ్చినా, అప్పులు మీద పడ్డా ఆ 2 కోట్ల 10 లక్షల అంకె ఎవరి మాటా వినదు.

జడ్చర్ల బ్లాక్‌జీరో · 11:10

అన్నా, మీరు అడిగితే ఇచ్చారు. మా నాన్న మూడేళ్లు అడిగాడు, ఇవ్వలేదు. ఆ చట్టం మిత్తి కూడా అడిగాం. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టారు, ఇది కొనుగోలు కిందికి వస్తుంది, మీకు వర్తించదు అన్నారు. మీకు గుమ్మం ఉందని ధైర్యం. నాకు ఏ గుమ్మం ముందూ నిలబడాల్సిన పని లేని డబ్బు కావాలి. ధరలు పెరగడం తగ్గడం కంటే నాకు ఇదే ముఖ్యం. మొదటి పోస్టులో ఇది రాయలేదు, పైసల లెక్క రాశా.

మిర్యాలగూడ మిల్లు · 11:26

అట్లయితే ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. బాకీ రాసినా, పరిహారం రాసినా అంకెను కాలంతో పాటు మార్చే షరతు ఉండాలి. ఉద్యోగులకు డీఏ అట్లాగే పెరుగుతుంది కదా. నిర్వాసితులకు ఎందుకు ఉండదు?

లెక్కల టీచర్ (రిటైర్డ్) · 11:44

మంచి మాట. బాబూ, సమ్మతి పత్రంలో రెండో విడత ఏ తేదీలోగా చెల్లించాలో ఏమైనా రాసి ఉందా? చూసి చెప్పు.

జడ్చర్ల బ్లాక్‌జీరో · 12:30

ఫొటో తీసి పెట్టుకున్నా సార్, ఇప్పుడే చూశా. రేటు ఉంది, విస్తీర్ణం ఉంది, నాన్న సంతకం ఉంది. తేదీ రాయాల్సిన చోట ఏమీ లేదు.

చండూరు పత్తి రైతు · 12:38

అది పట్టుకుని సోమవారం లాయర్ దగ్గరికి పో, భూసేకరణ కేసులు చూసేటాయనైతే మేలు. నల్లగొండలో ఒకాయన తెలుసు, నంబర్ వేరుగా పంపిస్తా. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. 2022లో ఒక కాయిన్ అప్పు తీసుకున్న రైతు ఏం చేయాలి?

జడ్చర్ల బ్లాక్‌జీరో · 12:45

నంబర్ పంపండి అన్నా. దాంట్లో అప్పు తీసుకోవద్దనే కదా పొద్దున్నుంచి చెప్తున్నా.

చండూరు పత్తి రైతు · 12:47

అప్పు లేకుండా మా వైపు ఏ వానకాలం మొదలైంది తమ్మీ?