మొండి ఇన్‌ఫెక్షన్లకు మొక్కల మందు: నమ్మొచ్చా?

ఉప్పల్‌వాసి: అమ్మకు యూరిన్ ఇన్‌ఫెక్షన్ తిరగబెడుతూనే ఉంది. ఈసారి కల్చర్ రిపోర్టులో (ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చూసే పరీక్ష) దాదాపు ప్రతి మందు పక్కనా ‘ఆర్’, అంటే పనిచేయదని. అడుగున ఒకటి రెండు ఇంజెక్షన్లకే ‘ఎస్’, అంటే పనిచేస్తుందని. బేగంబజార్‌లో మానుపసుపు (వంట పసుపు కాదు, వేరే మొక్క) పొడి ఇచ్చారు. మలేరియాకు ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది కదా, దాన్ని కనిపెట్టిన తు యూయూకి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. మరి దీనికెందుకు రాదు?

కల్చర్‌ప్లేట్: మలేరియాది పరాన్నజీవి, బ్యాక్టీరియా కాదు. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ప్లేటు మీద కషాయం చుక్క పడితే చుట్టూ క్రిములు చస్తాయి. స్పిరిట్ వేసినా చస్తాయి. తాగింది యూరిన్‌లోకి సరిపడా చేరుతుందా అన్నదే అసలు ప్రశ్న. మామూలు పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థమే చూడండి, రక్తంలోకి చేరేదే బహు తక్కువ.

చార్మినార్2: మా ఇంట్లో తాతల కాలం నుంచీ పసుపే. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫార్మసీ పీజీ: మానుపసుపులో క్రిములను చంపే పదార్థం బెర్బెరిన్. దాన్ని ‘స్టాఫ్’ (స్టాఫిలోకాకస్) అనే రకం బ్యాక్టీరియా తనలోని ‘నార్‌ఏ’ అనే పంపుతో బయటికి తోసేస్తుంది. బెర్బెరిన్ ఉండే మొక్కల్లోనే ఆ పంపును అడ్డుకునే ఇంకో పదార్థం కూడా ఉందని 2000లో తేలింది. మిరియాల్లోని పైపెరిన్ కూడా ల్యాబ్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు అలాగే బలమిచ్చింది. యాంటీబయాటిక్‌కు తోడుగా అయితే ఆశ ఉంది.

కల్చర్‌ప్లేట్: అది స్టాఫ్ సంగతి. అమ్మగారికి వచ్చింది ఏ బ్యాక్టీరియా?

ఉప్పల్‌వాసి: ఈ.కోలి.

కల్చర్‌ప్లేట్: దానికి బయట ఇంకో పొర ఉంటుంది, చాలా మందులు లోపలికే పోవు. ల్యాబ్ ఫలితం చూసి పొడి తాగించకండి.

పటాన్‌చెరు: క్రిములు ఇలా మొండికెత్తడానికి అసలు కారణం చూడరేం? ఇక్కడి మందుల కంపెనీల వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు నుంచి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లోనే బయటపెట్టారు. అది వదిలేసి మిరియాల మీద కొట్టుకుంటున్నారు.

కల్చర్‌ప్లేట్: కషాయాలతో నెట్టుకొచ్చి సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) అయ్యాక వస్తారు. వాళ్ల బ్లడ్ కల్చర్ బాటిళ్లు చూసేది నేను. పొడి అమ్మినవాడు అప్పుడు కనపడడు.

ఉప్పల్‌వాసి: తప్పంతా మాదేనా? పెద్ద ఆసుపత్రిలోనే చూపించాం. కల్చర్ చేయించకుండానే ప్రతిసారీ మందు మార్చారు. రిపోర్టు వచ్చాక కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. పొడి అమ్మినాయన ఒక్కడే మేం చెప్పిందంతా విన్నాడు. నేను ఆ పొడిని చూసి కాదు, ఆయన్ను చూసి తెచ్చాను.

కల్చర్‌ప్లేట్: మీ కోపం న్యాయమే. రిపోర్టు ఇచ్చే మాకు పేషెంటుతో మాట్లాడే వీలే ఉండదు, అది నాకూ బాధే. అయినా ఆయన విన్నాడని పొడి పనిచేయదు కదా. ‘ఎస్’ ఉన్న ఇంజెక్షన్ కోర్సు పూర్తిగా చేయించండి. పొడి సంగతి డాక్టరుకు దాచకండి, వేరే మందులతో అది పడకపోవచ్చు.

ఉప్పల్‌వాసి: ఇంజెక్షన్లు చేయిస్తాను. పొడి మాట ఎత్తితే మాత్రం డాక్టరు కేకలేస్తారని అమ్మ భయం. అందుకే చెప్పనివ్వడం లేదు.