'గ' అక్షరంతో అంతరిక్ష పదాలు కావాలి (పిల్లల పోటీ కోసం)

సఫిల్‌గూడ అమ్మమ్మ:

నమస్కారమండీ. వచ్చే ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి తెలుగు మాటల పోటీ పెడుతున్నారు. చీటీ తీస్తే 'గ' వచ్చింది, అంశం అంతరిక్షం. గుణింతం, ఒత్తులు ఏవైనా చెల్లుతాయి. రెండు జట్లకీ అదే అక్షరం, ఒకరు చెప్పిన మాట ఇంకొకరు చెప్పకూడదు. ఉత్త మాట చెప్తే ఒక మార్కు, దాని గురించి ఓ అరనిమిషం మాట్లాడితే ఐదు.

మా మనవరాలు ఐదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ సైన్సు అనేసరికి నత్తి వస్తుంది. నేనేమో గ్రహం, గ్రహణం, గురుడు దగ్గరే ఆగిపోయాను. రాహువు కథ చెప్పనా అంటే "అది కాదు అమ్మమ్మా, నిజంగా జరిగింది కావాలి" అంటోంది. పంతులమ్మలాగా నన్నే పరీక్షిస్తోంది! ఎవరైనా సాయం చేయండి.

ఉప్పల్ బాబు:

గ్రహశకలం, గురుత్వాకర్షణ, గెలాక్సీ, గోళం, గామా కిరణాలు, గగన్‌యాన్, గగారిన్. ఆఫీసు బస్సులో ఉన్నా ఆంటీ, ప్రస్తుతానికి ఇవే తట్టాయి.

వీటిలో గగారిన్ సులువు, అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి. 1961 ఏప్రిల్ 12, వోస్తోక్ నౌక, 108 నిమిషాల ప్రయాణం. దిగేటప్పుడు ఆయన నౌకలో కూర్చుని దిగలేదు. మధ్యలోనే బయటికి వచ్చేసి, తన పారాచూట్‌తో విడిగా నేల మీద వాలాడు. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు, చెప్పమనండి.

మౌలాలి ఫిజిక్స్ మాస్టారు (రిటైర్డ్):

అమ్మా, బాబు చెప్పినవి బాగున్నాయి. కానీ వాటిలో సగం అవతలి జట్టు మొదటి రౌండులోనే ఊడ్చేస్తుంది. అందుకని మీ పిల్ల దగ్గర రెండు మూడు మాటలు ఎవరికీ తట్టనివి దాచి ఉంచండి. అవీ మన చుట్టుపక్కలవే అయితే మంచిది. ఎక్కడిదో సంగతి బట్టీ పడితే పిల్లలు మధ్యలో మర్చిపోతారు. తెలిసిన ఊరి పేరు వచ్చిందంటే మాత్రం ఆపినా ఆగరు. పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను.

నా మొదటి మాట గుంటూరు. నవ్వకండి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చంద్రుడి నీడ మన కోస్తా మీదుగా వెళ్లింది. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త స్పెక్ట్రోస్కోపు (వెలుగుని రంగులుగా విడదీసే పరికరం) వెంటబెట్టుకుని ఫ్రాన్స్ నుంచి వచ్చి గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ వచ్చి మచిలీపట్నంలో కాచుకున్నాడు. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంచు మీద ఎర్రటి జ్వాలలు కనబడతాయి. అవేమిటో అప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. వాటి వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే, మెరిసే గీతలు కనబడ్డాయి. వాటిని బట్టి అవి వేడెక్కి వెలిగే వాయువులనీ, అందులో ప్రధానంగా ఉన్నది హైడ్రోజన్ అనీ తెలిసింది. ఆ గీతలు ఎంత మెరుస్తున్నాయంటే, గ్రహణం లేని రోజున కూడా ఇవి కనబడాలి కదా అనిపించింది జాన్సెన్‌కి. మర్నాడు పొద్దున్నే అదే గుంటూరులో, మామూలు ఎండలో, చూసేశాడు కూడా.

ఆ గ్రహణంలోనే ఒక పసుపు గీత కనబడింది. మొదట అందరూ సోడియం అనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త జాగ్రత్తగా కొలిస్తే, అది సోడియం గీతలకి కాస్త పక్కన ఉంది. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపడలేదు. దానికే హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని భూమ్మీద దొరికించుకునేవరకు అది సూర్యుడి సొత్తే. గాలిలోకి ఎగిరే పుట్టినరోజు బెలూన్లలో ఉండేది ఇదేనని చెప్తే పిల్లలందరూ వింటారు.

రెండో మాట గయా. 2013 డిసెంబరులో యూరప్ వాళ్లు పంపిన టెలిస్కోపు పేరది. మన నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి, 180 కోట్లకి పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. 2025లో దాన్ని ఆపేశారు. దీనికీ మనకీ ఏమిటి సంబంధం అంటారా? ఇదే పని మనవాళ్లు బేగంపేటలో చేశారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన అబ్జర్వేటరీని 1908లో బేగంపేటకి మార్చారు. అదే నిజామియా. ఆకాశాన్నంతా పటం గీయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి ఒక్కో అబ్జర్వేటరీకి ఆకాశంలో ఒక్కో పట్టీ పంచారు. ఆకాశపు మధ్యరేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ చివరికి మన హైదరాబాదు పూర్తి చేసింది. గాజు పలకల మీద ఫోటోలు తీసి, ఒక్కో చుక్కనీ చేత్తో కొలిచి, పుస్తకాలు అచ్చు వేశారు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. కొన్ని పరిశీలనా కేంద్రాలు పని మధ్యలో చేతులెత్తేశాయి, మనవాళ్లు వదల్లేదు. ఈ పాత కొలతలు వృథా పోలేదు. నక్షత్రాలు వందేళ్లలో ఎంత జరిగాయో లెక్కగట్టి 2000లో విడుదల చేసిన టైకో-2 నక్షత్రాల జాబితాకి అవే ఆధారం. ఆ బాటలోనే తర్వాత గయా వచ్చింది.

నాకైతే ఈ రెండో సంగతే ఎక్కువ ఇష్టం. బేగంపేట మీదుగా రోజూ లక్షల మంది పోతారు, అక్కడ ఈ పని జరిగిందని ఎంతమందికి తెలుసు?

ఇక గ్రహణం అనే మాట మీకు దక్కితే 1868 ఒకటే కాదు, 1980 ఫిబ్రవరి 16 కూడా చెప్పించండి. ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ రోజు సంపూర్ణ గ్రహణ మార్గంలో ఉంది. మేము ముగ్గురం ఇబ్రహీంపట్నం వైపు బస్సు పట్టాం. బస్సులో డ్రైవరు, కండక్టరు తప్ప పెద్దగా ఎవరూ లేరు. గ్రహణం చూస్తే కళ్లు పోతాయని జనం తలుపులేసుకుని కూర్చున్నారు. చీకటి పడింది రెండు నిమిషాల చిల్లరే. ఆ కాసేపట్లోనే మధ్యాహ్నం పూట శుక్రుడు కనబడ్డాడు. నల్లటి బిళ్ల చుట్టూ కరోనా (సూర్యుడి చుట్టూ ఉండే తెల్లటి వెలుగు) అన్ని వైపులా సమంగా విచ్చుకుంది. ఆ ఏడు సూర్యుడి మీద మచ్చలు ఎక్కువ, అందుకే ఆ ఆకారం. మచ్చలు తక్కువున్న ఏడాది అయితే పక్కలకే సాగుతుంది. పాక్షికంగా ఉన్నంతసేపు ఫిల్టరు లేకుండా చూడకూడదని మాత్రం పిల్లకి గట్టిగా చెప్పండి.

టెర్రస్ టెలిస్కోప్, కొండాపూర్:

మాస్టారూ, అదిరింది. నాదొకటి చేర్చనా? గానిమీడ్. గురుడి ఉపగ్రహం. సౌరకుటుంబంలో ఇంతకన్నా పెద్ద ఉపగ్రహం లేదు. అడ్డుకొలత 5,268 కిలోమీటర్లు, అంటే బుధగ్రహం కన్నా పెద్దది. గెలీలియో 1610 జనవరిలో చూశాడు (గెలీలియో కూడా 'గ'యే, రెండు మాటలు దొరికినట్టే). సొంత అయస్కాంత క్షేత్రం ఉన్న ఉపగ్రహం ఇదొక్కటే. ఆ సంగతి 1996లో పట్టింది కూడా గెలీలియో పేరున్న వ్యోమనౌకే. ఇప్పుడు జ్యూస్ అనే నౌక దాని దగ్గరికి బయల్దేరింది, 2034లో దాని చుట్టూ తిరగాలి.

గురుడు కనబడే రోజుల్లో మామూలు బైనాక్యులర్‌తో కూడా పక్కన చిన్న చుక్కల్లా నాలుగు ఉపగ్రహాలు కనబడతాయి. చేతులు వణక్కుండా పిట్టగోడ మీద ఆనించండి. మా ఏరియాలో లైట్ల వల్ల నక్షత్రాలు మాయమైపోయాయి గానీ గురుడు మాత్రం ఇంకా బతికే ఉన్నాడు.

గగన్‌యాన్ అడిగితే 2023 అక్టోబరు 21 టెస్టు చెప్పమనండి. శ్రీహరికోటలో మొదటిసారి ఆఖరి 5 సెకన్లలో కంప్యూటర్ ఆపేసింది, మళ్లీ పది గంటలకి ఎగిరింది. ప్రమాదం వస్తే వ్యోమగాముల గది రాకెట్ నుంచి విడిపోవాలి కదా, సరిగ్గా అదే జరిగింది. మనుషులు లేరు. అది సముద్రంలో పడితే నేవీ వాళ్లు తీసుకొచ్చారు.

సఫిల్‌గూడ అమ్మమ్మ:

మాస్టారూ, బాబూ, చాలా చాలా థాంక్సండీ. గుంటూరు సంగతి చదివి వినిపిస్తే పిల్ల ఎగిరి గంతేసింది, మా పుట్టిల్లు తెనాలి కదా! ఒకటే టెన్షన్. జడ్జిగా మా సొసైటీ సెక్రటరీ గారు కూర్చుంటారు, ఆయన చాలా స్ట్రిక్టు. గుంటూరు ఊరి పేరు, అంతరిక్ష పదం కాదని కొట్టేస్తే?

మౌలాలి ఫిజిక్స్ మాస్టారు (రిటైర్డ్):

కొట్టేయొచ్చమ్మా, ఆయన తప్పు కాదు. అందుకే గ్రహణం అనే మాటని మొదటి రౌండులోనే మీ వాళ్లు చెప్పేయాలి. చెప్పి గుంటూరు కథంతా దాని కిందే వాడేసుకోవచ్చు. అప్పుడు ఆయన కాదనడానికి ఏమీ ఉండదు. గయా, గానిమీడ్ చివరి రౌండుకి. లాకియర్, రామ్సే పేర్లు తడబడితే వదిలేయమనండి. జాన్సెన్, గుంటూరు, పసుపు గీత, హీలియం, ఈ నాలుగూ వస్తే అరనిమిషం గడిచిపోతుంది.