గులాబి గిన్నె, ఆకుపచ్చ కాడ: ఈ పాత గ్లాసుల రంగు అసలుదేనా?

ప్రశ్న (కొలంబస్, ఒహాయో నుంచి):
గత నెల ఇక్కడ ఒక ఇంటి పాత సామాను అమ్మకంలో నాలుగు కాడ గ్లాసులు కొన్నాను. పానీయం పోసే గిన్నె భాగం లేత గులాబి, కాడా పాదమూ ఆకుపచ్చ. సేకరించేవారు ఈ జోడీని పుచ్చకాయ రంగు అంటారట. ఇవి టిఫిన్ గాజు కర్మాగారానివని అమ్మినవారు చెప్పారు గాని ఎక్కడా ముద్ర లేదు. పైగా ఒక గ్లాసులో గిన్నె, కాడ కలిసేచోట సన్నని గీత కనిపిస్తున్నది. అది అతుకా, బీటా? రంగు తరువాత పూసినది కాదని ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
ముద్ర లేదని దిగులుపడకండి. 1889లో ఒహాయోలోని టిఫిన్ ఊళ్లో మొదలై, 1892లో యునైటెడ్ స్టేట్స్ గ్లాస్ కంపెనీలో కలిసి, 1980లో మూతపడిన ఆ కర్మాగారం సరుకు మీద కాగితపు చీటీలే ఎక్కువగా ఉండేవి; నాలుగు కడుగుళ్లకు అవి ఊడిపోయేవి. కాబట్టి కాడ ఆకారాన్నీ, గిన్నె మీది చెక్కడాన్నీ పాత కేటలాగులతో పోల్చి చూడడమే దారి.

ఇక రంగు సంగతి. గిన్నెను అచ్చులో ఊది, అది వేడిగా ఉండగానే మరో రంగు గాజు ముద్దను అంటించి కాడ తీస్తారు. రెండు గాజులూ చల్లారేటప్పుడు ఒకే మేరకు కుంచించుకోకపోతే ఆ కలిసిన చోటే పగుళ్లు వస్తాయి. అందువల్ల అక్కడ చుట్టూ సమంగా ఉండే గీత సహజమే. బీట అయితే వంకరగా సాగుతుంది, గ్లాసును వెలుతురులో తిప్పితే ఒక కోణంలో తళుక్కుమని మరో కోణంలో మాయమవుతుంది.

జవాబు 2:
పై మాటకు ఒక చేర్పు: మూడో అవకాశం జిగురు. విరిగిన కాడను ఎవరో అతికించి ఉండవచ్చు. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూడండి. చాలా జిగుర్లు ఆ కాంతిలో తెల్లగానో నీలంగానో వెలుగుతాయి. తరువాత, సంతలో కుండను కొట్టి చూసినట్టే, కాడ పట్టుకుని అంచును గోటితో మెల్లగా మీటి నాలుగింటి మోతనూ పోల్చండి.

పైపూత విషయానికొస్తే, బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) ఎగర్‌మన్ అనే గాజు నిపుణుడు 1830లలో తెచ్చిన ఎర్రపూత వంటిది గాజుపై పలుచని పొర మాత్రమే. సాలార్‌జంగ్ మ్యూజియంలో బొహీమియా గాజు ముందు గంటసేపు నిలబడ్డాక గాని నాకు ఈ తేడా కంటికి ఆనలేదు. పూత అయితే చెక్కిన చోట, అరిగిన పాదం అంచున రంగులేని గాజు బయటపడుతుంది.

జవాబు 3:
ఇవి డిష్‌వాషర్‌లో వేయకండి, గాజు మసకబారితే మళ్లీ మెరుపు రాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పాదం అంచు అరిగినా ఆకుపచ్చగానే ఉంది, కాబట్టి పూత కాదు. మూడు గ్లాసులు ఖంగుమన్నాయి. గీత ఉన్నది మాత్రం బొంగురుగా మోగింది, టార్చి వేస్తే ఆ గీత తెల్లగా వెలిగింది. నాలుగింటికీ ఒకే ధర ఇచ్చాను గనుక ఆ నాలుగోది ప్రస్తుతం అల్మరాలో వెనక వరసలో ఉంది.