కూడికలు తప్పుతాయి, కిటుకు మాత్రం ఇట్టే పట్టేస్తుంది: మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలున్నారా?

చిన్నివాళ్ళమ్మ, రాజమండ్రి:
మా అమ్మాయి అయిదో తరగతి. మొన్న చింతపిక్కలతో ఆడుతూ ఒక పిక్క పెట్టింది. దానికి పక్కనా కిందా మూలమట్టంలా మూడు పేర్చింది, ఆపైన అయిదు, ఆపైన ఏడు. "అమ్మా, బేసి సంఖ్యలు వరసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ చదరమే వస్తుంది. మొదటి పదీ కలిపితే వంద!" అంది. ఇది తనకెవరూ చెప్పలేదు. అదే పిల్ల 403లోంచి 178 తీసివేయమంటే 375 అని రాసింది. టీచరేమో ముందు తీసివేతలు రానివ్వండి, మిగతావన్నీ తర్వాత అంటున్నారు.

శ్రీను_వరంగల్:
మావాడిది పూర్తిగా ఉల్టా మేడమ్. ఏడో తరగతి. అబాకస్ నేర్చుకున్నాడు, మూడంకెల గుణకారాలు నోటితోనే చేస్తాడు. ముప్పావుని అరతో భాగించమంటే తిరగేసి గుణించి ఒకటిన్నర అని టక్కున చెప్తాడు. ఎందుకు తిరగేశావురా అంటే "సార్ అట్లనే చెప్పిండు" అంటాడు.

లెక్కలమాస్టారు, ఖమ్మం:
అమ్మా, 375 ఎలా వచ్చిందో చూడండి. 8లోంచి 3, 7లోంచి 0, 4లోంచి 1. ప్రతి గడిలోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసింది. ఇది పరాకు కాదు, తనకి తాను పెట్టుకున్న నియమం. అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో చూపిస్తే పోతుంది. యాభై లెక్కలు ఇంపోజిషన్ రాయిస్తే మాత్రం లెక్కలంటేనే విరక్తి పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

గణితంలో చురుకైన పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించిన సోవియట్ మనస్తత్వవేత్త క్రుటెట్‌స్కీ, గబగబా లెక్కకట్టడం గణిత ప్రతిభకి తప్పనిసరి కాదన్నాడు. కూడిక కూడా తప్పు లేకుండా చేయలేనని పేరున్న ఫ్రెంచి గణితవేత్త పాయింకరే తన గురించి తానే రాసుకున్నాడు. అలాగని వేగాన్ని తక్కువ చేయకూడదు. శకుంతలాదేవి 1980లో లండన్‌లో రెండు 13 అంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించారు. అదీ గొప్ప విద్యే, కాకపోతే వేరే విద్య.

శ్రీను గారూ, మీవాణ్ణి పెన్ను పట్టనివ్వకండి. ముప్పావు గ్లాసు నీళ్లిచ్చి, ఇందులో అరగ్లాసులు ఎన్ని అని అడగండి.

డల్లాస్‌_నాన్న:
ఇక్కడ మా పాప స్కూల్లో ఎక్కాలకి టైమ్ పెట్టి పరీక్ష. గడియారం చూస్తేనే చేతులు చల్లబడేవి. టీచర్‌తో మాట్లాడి టైమ్ తీయించాం. ఎక్కాలు ఇంట్లో రోజూ కాసేపు చదివిస్తున్నాం, మానేయలేదు. ఆ పరీక్షలో వెనకబడిందని పై స్థాయి లెక్కలు ఆపొద్దని మాత్రం గట్టిగా అడిగాం.

చిన్నివాళ్ళమ్మ, రాజమండ్రి:
మాస్టారూ, నాలుగు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్ళలు చేతిలో పెట్టి 178 ఇమ్మన్నాను. "చిల్లర లేదుగా" అని వంద నోటు మార్చుకుంది, అందులో ఒక పది మళ్ళీ మార్చింది. 225 మిగిలాయి. తర్వాత కాగితం మీదా సరిగ్గానే చేసింది.

శ్రీను_వరంగల్:
గ్లాసుతో చేయించినం సార్. ఒక అర పోసి, మిగిలినది చూసి "అరలో సగం" అన్నడు. మరి పెద్దయినంక ఒలింపియాడ్‌కి ఇద్దర్లో ఎవరు పనికొస్తరు?

లెక్కలమాస్టారు, ఖమ్మం:
ఇద్దరూ! మన దేశంలో గణిత ఒలింపియాడ్‌కి మొదటి మెట్టు పరీక్ష ఐఓక్యూఎమ్‌లో జవాబు అంకెల్లోనే గుర్తించాలి, ఒక్క కూడిక తప్పినా మార్కు పోతుంది. అది దాటి తర్వాతి మెట్టు, ప్రాంతీయ పరీక్ష ఆర్‌ఎమ్‌ఓకి వెళ్తే ఎందుకో నిరూపించి రాయాలి. అమ్మాయికి తీసివేతలు, అబ్బాయికి "ఎందుకు" ఇప్పటినుంచే మొదలుపెట్టండి.